గోదావరి మొగలో నావిక పటం: కొలతగుండు నుంచి ఎలక్ట్రానిక్ పటం వరకు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- గోదావరి డెల్టా తీరం ఎందుకు మారుతూ ఉంటుందో, ఆ మార్పు ఓడరేవుల చరిత్రను ఎలా నిర్ణయించిందో వివరించగలుగుతారు.
- నావిక పటాన్ని ఒక చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.
- కాగితపు పటానికి, రాస్టర్ పటానికి, వెక్టర్ పటానికి మధ్య తేడా చెప్పగలుగుతారు.
- చిన్న పడవకు ఎలక్ట్రానిక్ పటం సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

ఒక సంపర్క తరగతిలో మత్స్యకార కుటుంబానికి చెందిన విద్యార్థి ఒకరు తన ఫోను నా చేతికిచ్చారు. ముందురోజు వాళ్ల నాన్నగారు పడవ నడిపిన దారి ఆ ఫోనులో గీతగా నమోదైంది. గౌతమి పాయలో బయలుదేరిన ఆ గీత, మొగ దగ్గరకు వచ్చేసరికి నీలిరంగు దాటి పచ్చరంగులోకి పోయి, మళ్లీ సముద్రంలో తేలింది. "మాస్టారండీ, ఈ ఫోను లెక్కన మా నాన్న పడవని మడ అడవిలోంచి నడిపాడండి" అన్నారాయన. తరగతి అంతా నవ్వింది. కాని ఆయన అడిగినది సరదా ప్రశ్న కాదు. ఫోను తప్పా, పటం తప్పా, గోదావరి కదిలిందా? రాత్రివేళ పొగమంచులో ఆ తెరనే నమ్ముకుని మొగ దాటవలసివస్తే ఏం చేయాలి?

ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం. చిన్న పడవకు ఏ పటం సాఫ్ట్‌వేర్ మంచిది అన్నది పైకి సాంకేతిక సమస్యగా కనిపిస్తుంది. నిజానికి అందులో సగం చరిత్ర సమస్య. శాసనాన్ని చూడగానే 'ఎవరు వేయించారు, ఎప్పుడు, ఎందుకు' అని అడగడం మీరు ఇంతకుముందు పాఠాల్లో నేర్చుకున్నారు. పటాన్ని కూడా అవే ప్రశ్నలు అడగాలి.

7.2 కదిలే తీరం: కోరంగి, కాకినాడ

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలి సముద్రాన్ని చేరుతుందని మీకు తెలుసు. నది తెచ్చే ఒండ్రు, ఇసుక మొగల దగ్గర దిబ్బలుగా పేరుకుంటాయి. అలలు, తీరం వెంబడి సాగే ప్రవాహం ఆ ఇసుకను మరొకచోటికి నెడతాయి. వరదల కాలంలో నది కొత్త దారి చేసుకుంటుంది. తుఫాను వస్తే ఒక్క రాత్రిలో దిబ్బ తెగవచ్చు, కొత్తది లేవవచ్చు. అందువల్ల ఇక్కడ తీరరేఖను గీత అనడం కంటే ఒక సంఘటన అనడం సబబు.

ఈ మాటకు గొప్ప నిదర్శనం కోరంగి. గౌతమి ఉత్తర భాగాన, యానాం సమీపంలో ఉన్న ఈ రేవు 18వ శతాబ్దంలో ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరుపొందింది. దగ్గరలోనే యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు వర్తక స్థావరాలు నడిపారు. ఇక్కడి నుంచి రంగూనుకు ఎంతమంది వెళ్లారంటే, బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అని పిలవడం పరిపాటి అయింది.

అంతటి రేవును రెండు శక్తులు దెబ్బతీశాయి. మొదటిది తుఫాను. 1789 డిసెంబరులోనూ, 1839 నవంబరులోనూ ఉప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుఫానులను అధ్యయనం చేసి, 1848లో ప్రచురించిన తన నావికుల గ్రంథంలో 'సైక్లోన్' అనే పదాన్ని ప్రతిపాదించాడు. ఆయన పరిశీలించిన ఉదాహరణల్లో కోరంగి ఉప్పెన ఒకటి. రెండవ శక్తి నిశ్శబ్దమైనది, పూడిక. తుఫాను పోయాక ఊరు మళ్లీ కట్టుకోవచ్చు. మొగ పూడుకుపోతే పెద్ద ఓడలు రావు. 19వ శతాబ్దంలో వర్తకం క్రమంగా కాకినాడకు తరలింది. అమెరికా అంతర్యుద్ధం (1861–65) కాలంలో పత్తికి గిరాకీ పెరగడం కాకినాడకు కలిసివచ్చింది.

కాకినాడకు అలల నుంచి రక్షణ ఇస్తున్నది హోప్ దీవి. చాలామంది దీనిని ఎప్పటినుంచో ఉన్న దీవి అనుకుంటారు. ఇది గోదావరి ఇసుకతో గత రెండు శతాబ్దాలకు పైగా కాలంలో ఉత్తరంగా పెరుగుతూ వచ్చిన పొడవైన ఇసుక నాలుక. కోరంగిని పూడ్చిన నదే కాకినాడకు అడ్డుగోడ కట్టింది. ఇక ఉత్తరాన ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుంటూ లోపలికి వస్తోంది. ఒకే పటంలో ఒక మూల నేల పెరుగుతుంది, మరో మూల తరుగుతుంది.

7.3 సాక్రమెంటో నౌక, 1867

జూన్ 19, 1867న అమెరికా నౌకాదళానికి చెందిన సాక్రమెంటో అనే యుద్ధనౌక గోదావరి మొగ బయట ఇసుకమేటల మీదికి ఎక్కి ధ్వంసమైంది. నౌకలో ఉన్నవారు ప్రాణాలతో బయటపడ్డారు. నౌక మాత్రం దక్కలేదు. దాని అధిపతి కెప్టెన్ నెపోలియన్ కాలిన్స్ అంతర్యుద్ధంలో పేరు తెచ్చుకున్న అధికారి. విచారణ తరవాత ఆయనను కొంతకాలం విధులకు దూరంగా ఉంచారు. గోదావరి మొగ వద్ద దీపస్తంభం ఉన్న దిబ్బను నేటికీ సాక్రమెంటో దిబ్బ అనే పిలుస్తున్నారు.

ఈ సంఘటన నుంచి ఒక విషయం గమనించండి. గోదావరి ఒండ్రు సముద్రంలోకి చాలా దూరం పరుచుకుంటుంది. దూరపు ఓడ నుంచి చూస్తే ఈ పల్లపు తీరం ఆలస్యంగా కంటబడుతుంది. కొండ ఉండదు, గుర్తు పట్టే శిఖరం ఉండదు. నేల కనబడేసరికే ఓడ అడుగు తగలవచ్చు. ఇలాంటి చోట నావికుడికి ఆధారం కన్ను కాదు, లోతు. అందుకే ఆ రోజుల్లో నావికులు సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి లోతు కొలుస్తూ ముందుకు సాగేవారు. మన జాలరులు లోతును 'బార'లలో చెబుతారు. చేతులు రెండూ చాచితే వచ్చే కొలత అది. ఇంగ్లీషు నావికుల 'ఫాదమ్' కూడా అలా పుట్టినదే. అది 6 అడుగులు, అంటే సుమారు 1.83 మీటర్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. కోరంగి ఓడరేవు క్షీణతకు దారితీసిన రెండు కారణాలు ఏవి?
2. గోదావరి మొగలో తీరాన్ని చూసి ఓడ నడపడం ఎందుకు ప్రమాదకరం?

7.4 కాగితపు నావిక పటం

నావిక పటం మామూలు భూపటం వంటిది కాదు. భూపటంలో నేల ముఖ్యం, నీరు ఖాళీ నీలిరంగు. నావిక పటంలో నీటి లోతులు, అడుగున ఉన్నది ఇసుకా బురదా, దీపస్తంభాలు, మునిగిన ఓడలు ముఖ్యం. ఫోనుల్లో సాధారణంగా ఉండే పటాలు మొదటి రకానివి. పైన చెప్పిన విద్యార్థి ఫోనులో ఉన్నదీ అదే. అది రోడ్డు వెతుక్కోవడానికి చేసిన పటం. దానిని మొగ దాటడానికి వాడటం, పంచాంగం చూసి రైలు ఎక్కడం లాంటిది.

తూర్పు తీరపు నావిక పటాలకు పునాది ఈస్టిండియా కంపెనీ కాలంలో పడింది. మద్రాసులో పనిచేసిన మైఖేల్ టాపింగ్ కోరమాండల్ తీరాన్ని సర్వే చేశాడు. 1794లో మద్రాసులో సర్వే పాఠశాల ఏర్పడటానికి ఆయనే కారకుడు. 1796లో మచిలీపట్నంలో మరణించాడు. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే శాఖ ఏర్పడింది. స్వాతంత్ర్యం తరవాత ఈ కార్యాలయం 1954లో డెహ్రాడూన్‌కు మారింది. నేడు భారత జలాల అధికారిక నావిక పటాలు, కాగితపువి గాని ఎలక్ట్రానిక్‌వి గాని, డెహ్రాడూన్‌లోని ఈ నౌకాదళ హైడ్రోగ్రఫీ కార్యాలయం నుంచే వెలువడతాయి.

పాత పటాన్ని నేటి ఉపగ్రహ పరికరంతో కలిపి వాడేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి.

మొదటిది కొలమానం. పాత పటాల్లో లోతు ఫాదమ్‌లలో ఉంటుంది, కొత్తవాటిలో మీటర్లలో ఉంటుంది. పటంలో '3' అన్న అంకె ఒకచోట 3 మీటర్లు, మరోచోట దాదాపు ఐదున్నర మీటర్లు.

రెండవది ఆధార తలం. భూమి ఆకారాన్ని ఎలా లెక్కించారన్నదాన్ని బట్టి అక్షాంశ రేఖాంశాలు మారతాయి. మనదేశపు పాత పటాలు జార్జ్ ఎవరెస్ట్ పేరుతో ఉన్న 1830 నాటి లెక్కను అనుసరించాయి. జీపీఎస్ అనుసరించేది 'డబ్ల్యూజీఎస్-84' అనే లెక్కను. సవరణ చేయకుండా ఒకదాని అంకెలను మరొకదాని మీద గుర్తిస్తే, మన తీరంలో స్థానం వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. నడిసముద్రంలో అది లెక్కలోకి రాదు. మొగలో మాత్రం పడవ దారి నుంచి తప్పి దిబ్బ మీదికి పోవడానికి అది చాలు.

7.5 ఎలక్ట్రానిక్ పటం: రెండు రకాలు

ఎలక్ట్రానిక్ నావిక పటాలు ప్రధానంగా రెండు రకాలు.

రాస్టర్ పటం: కాగితపు పటానికి తీసిన నమ్మకమైన ఫోటో వంటిది. కాగితం మీద ఉన్నదంతా, అంచులోని హెచ్చరికలతో సహా, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. పెద్దది చేస్తే అక్షరాలు కూడా పెద్దవై మసకబారతాయి.

వెక్టర్ పటం: ఇందులో ప్రతి లోతు, ప్రతి దీపం, ప్రతి గీత విడివిడిగా సమాచారంగా నిక్షిప్తమై ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని అప్పటికప్పుడు తెరమీద గీస్తుంది. మీ పడవకు కావలసిన లోతు ముందుగా చెబితే, అంతకంటే తక్కువ లోతున్న చోటికి వెళ్తున్నప్పుడు హెచ్చరిస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలు అంతర్జాతీయ ప్రమాణమైన 'ఎస్-57' ప్రకారం తయారుచేసే వెక్టర్ పటాలనే అధికారిక ఎలక్ట్రానిక్ నావిక పటాలు అంటారు.

పెద్ద ఓడల్లో ఆమోదం పొందిన పరికరాలతో ఈ పటాలు వాడటాన్ని అంతర్జాతీయ నిబంధనలు 2012 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశాయి. చిన్న పడవలకు ఈ నిబంధన లేదు. అంటే ఎంపిక భారం పడవ యజమానిదే.

మార్కెట్లో దొరికేవి మూడు తరహాలు. ఓపెన్‌సీపీఎన్ వంటివి ఉచిత సాఫ్ట్‌వేర్లు. ల్యాప్‌టాప్‌లోనూ ఆండ్రాయిడ్ పరికరంలోనూ పనిచేస్తాయి. కాని పటాలను మనమే సమకూర్చుకోవాలి. నావియానిక్స్, సీ-మ్యాప్ వంటివి ప్రైవేటు సంస్థలు స్వయంగా తయారుచేసి అమ్మే పటాలతో కలిపి వస్తాయి. మూడవది మత్స్యకారుల కోసం ప్రత్యేకంగా చేసిన యాప్‌లు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ రూపొందించిన ఫిషర్ ఫ్రెండ్ యాప్ తెలుగులో ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఇచ్చే చేపలు దొరికే ప్రాంతాల సూచనలు, సముద్ర స్థితి సమాచారం అందులో లభిస్తాయి. ఇవి ఎంతో ఉపయోగకరం. కాని అధికారిక లోతు పటానికి ప్రత్యామ్నాయం కావు.

సాఫ్ట్‌వేర్ వేరు, పటం వేరు అన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోండి. సాఫ్ట్‌వేర్ కళ్లద్దం వంటిది, పటం పుస్తకం వంటిది. కళ్లద్దం ఎంత మంచిదైనా పుస్తకంలో లేని అక్షరం కనబడదు. అమెరికా ప్రభుత్వం తన తీరపు ఎలక్ట్రానిక్ పటాలను అందరికీ ఉచితంగా ఇస్తోంది. అందుకే అక్కడివారికి ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కటుంటే సరిపోతుంది. భారత తీరపు అధికారిక పటాలను కొనుక్కోవాలి. అవి తాళం వేసి వస్తాయి, పర్మిట్ ఉన్న పరికరంలోనే తెరుచుకుంటాయి. అక్కడివారి సలహాను ఇక్కడ యథాతథంగా పాటించలేకపోవడానికి కారణం ఇదే.

7.6 తెర తెచ్చిన కొత్త తప్పులు

ఎలక్ట్రానిక్ పటాలు వచ్చాక సాక్రమెంటో వంటి ప్రమాదాలు ఆగిపోయాయా? రెండు ఉదాహరణలు చూడండి.

జనవరి 17, 2013న అమెరికా నౌకాదళానికే చెందిన గార్డియన్ అనే నౌక ఫిలిప్పీన్స్‌లోని టుబ్బటాహా పగడపు దిబ్బ మీదికి ఎక్కింది. నౌకలోని డిజిటల్ పటంలో ఆ దిబ్బ అసలు స్థానం నుంచి దాదాపు 8 నాటికల్ మైళ్లు పక్కన గుర్తించి ఉంది. పటం తప్పే. అయితే ఇతర ఆధారాలతో సరిచూసుకోకపోవడాన్ని విచారణ సిబ్బంది లోపంగా ఎత్తిచూపింది.

నవంబరు 29, 2014న వెస్టాస్ విండ్ అనే పందెపు తెరచాప పడవ హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరజోస్ దిబ్బలను రాత్రివేళ ఢీకొంది. ఇక్కడ దిబ్బ పటంలో ఉంది. కాని తెరను చిన్నది చేసి చూసినప్పుడు దాని ప్రమాదం స్పష్టంగా కనిపించలేదు. తగినంత పెద్దది చేసి చూడలేదు. తొమ్మిది మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు.

ఒకచోట పటం తప్పు, మరోచోట చూసిన తీరు తప్పు. కాగితపు పటంలో దిబ్బ గుర్తు ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది. తెరమీద అది కనబడాలా వద్దా అన్నది మన వేళ్ల మీద ఆధారపడుతుంది. తెరకు మరో గుణం ఉంది. పాత కాగితం పసుపుబారి తన వయసు తానే చెబుతుంది. తెర మాత్రం 50 ఏళ్ల నాటి కొలతనూ నిన్నటి కొలతనూ ఒకే మెరుపుతో చూపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. రాస్టర్ పటానికి, వెక్టర్ పటానికి తేడా ఏమిటి?
2. 2013, 2014 ప్రమాదాల కారణాలను పోల్చండి.

7.7 చిన్న పడవకు ఎంపిక: అడగవలసిన ప్రశ్నలు

మీరు గాని, మీ కుటుంబంలోనివారు గాని కాకినాడ, భైరవపాలెం, అంతర్వేది, నరసాపురం వంటి చోట్ల ఫైబర్ బోటు గాని మరబోటు గాని నడుపుతుంటే, సాఫ్ట్‌వేర్ ధర అడిగే ముందు ఈ కింది ప్రశ్నలు అడగండి.

(అ) ఈ లోతులు ఎవరు కొలిచారు, ఎప్పుడు? అధికారిక వెక్టర్ పటంలో ప్రతి ప్రాంతానికి విశ్వసనీయతా తరగతి ఉంటుంది. ఏ1 తరగతిలో స్థానం 5 మీటర్ల లోపు తేడాతో ఉంటుంది. బి తరగతిలో 50 మీటర్లు, సి తరగతిలో 500 మీటర్ల దాకా తేడా ఉండవచ్చు. డి తరగతి అంతకంటే తక్కువ నమ్మకమైనది. ఈ సమాచారాన్ని తెరమీద చూపని సాఫ్ట్‌వేర్‌ను, ఎంత అందంగా ఉన్నా, మొగల దగ్గర నమ్మకండి.

(ఆ) పరిమితి దాటి పెద్దది చేస్తే హెచ్చరిస్తుందా? 1:50,000 స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు అంటే నీటిమీద 50 మీటర్లు. తెరను వేళ్లతో ఎంత సాగదీసినా అందులో లేని వివరం పుట్టదు.

(ఇ) సిగ్నల్ లేనప్పుడు పనిచేస్తుందా? తీరం నుంచి దూరం వెళ్లాక మొబైల్ సిగ్నల్ ఉండదు. పటాలను ముందే పరికరంలో దించుకునే వీలుండాలి. ఉపగ్రహం నుంచి స్థానం తెలియడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. పటం కనబడటానికి అవసరం కావచ్చు.

(ఈ) సవరణలు అందుతాయా? హైడ్రోగ్రఫీ కార్యాలయం నావికులకు సవరణ ప్రకటనలు క్రమం తప్పకుండా ఇస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ వేదికలు, సముద్రగర్భ పైపులైన్లు ఉన్నాయి. అంతర్జాతీయ చట్టం ప్రకారం అలాంటి వేదిక చుట్టూ 500 మీటర్ల వరకు రక్షణ వలయం ఏర్పాటు చేయవచ్చు. కొత్త వేదిక పాత పటంలో ఉండదు. వల, పడవ రెండూ పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడ ఉంది.

(ఉ) మన సొంత దారిని నమోదు చేస్తుందా? డెల్టాలో ఇది అన్నిటికంటే విలువైన సౌకర్యం అని నా అభిప్రాయం. సురక్షితంగా మొగ దాటిన ప్రతిసారీ ఆ దారిని తేదీతో, పోటు వేళతో, లోతుమాపకం చూపిన లోతుతో భద్రపరచండి. వరదల కాలం ముగిశాక పాత దారులను పక్కనపెట్టి కొత్తగా మొదలుపెట్టండి. కిందటేడు దారి ఈ ఏడాదికి సాక్ష్యం కాదు.

(ఊ) నడిపేది ఎవరు? తెర ముందు కూర్చునేది సరంగు. అక్షరాలు చదవగలిగే భాషలో, ఎండలో కనబడే తెరమీద, తడి చేతులతో వాడగలిగేలా ఉండాలి. రెండో పరికరం ఒకటి, కాగితపు పటం ఒకటి పడవలో తప్పక ఉండాలి.

చివరగా, పటం సాఫ్ట్‌వేర్ చేయలేని పని ఒకటుంది. నవంబరు 6, 1996న కోనసీమను తాకిన తుఫానులో వెయ్యి మందికి పైగా మరణించారు. వారిలో వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో ఉన్నారు. వారికి కావలసింది పటం కాదు, హెచ్చరిక. సముద్రంలో ఉన్నవారికి హెచ్చరికలు చేర్చే జెమిని పరికరాన్ని ఇన్‌కాయిస్ తదితర సంస్థలు 2019లో ప్రవేశపెట్టాయి. లక్ష పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఆగస్టు 30, 2024న మొదలైంది. డబ్బు ఒక్కదానికే ఉంటే, ముందు హెచ్చరిక అందించే పరికరం, తరవాత పటం. ఈ వరస తారుమారు చేయకండి.

7.8 సారాంశం

గోదావరి డెల్టాలో తీరం కదులుతుంది. కోరంగిని పూడ్చి, హోప్ దీవిని పెంచి, ఉప్పాడను కోస్తున్నది ఆ కదలికే. కాబట్టి ఇక్కడి ప్రతి నావిక పటమూ ఒక తేదీ నాటి సాక్ష్యం. కాగితం నుంచి తెరకు మారినా ఈ గుణం మారలేదు. ఎంపికలో మొదటి ప్రశ్న సాఫ్ట్‌వేర్ పేరు గురించి కాదు, పటం ఆధారం గురించి, తేదీ గురించి. అధికారిక పటం, లోతుమాపకం, సరంగు అనుభవం అనే మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవడమే సురక్షిత మార్గం. ఒక ఆధారాన్ని మరొక ఆధారంతో సరిచూడటం చరిత్ర విద్యార్థిగా మీకు కొత్త కాదు. నా విద్యార్థి ప్రశ్నకూ సమాధానం అదే. ఆయన తండ్రి పడవ నడిపింది నీటిలోనే. పటం చూపినది ఒకప్పటి నేలను.

7.9 నమూనా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 'నావిక పటం ఒక చారిత్రక ఆధారం.' గోదావరి డెల్టా ఉదాహరణలతో చర్చించండి.
2. చిన్న పడవకు ఎలక్ట్రానిక్ పటం ఎంచుకోవడంలో పాటించవలసిన అంశాలను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. సాక్రమెంటో నౌక ప్రమాదం
2. ఆధార తలం మారడం వల్ల కలిగే తేడా
3. సాఫ్ట్‌వేర్‌కు, పటానికి మధ్య భేదం

III. క్షేత్ర కృత్యం
మీకు దగ్గరలోని రేవుకు వెళ్లి, వయసు మళ్లిన సరంగు ఒకరిని కలవండి. ముప్పై ఏళ్ల కిందట మొగ ఎక్కడ ఉండేదో, ఏ గుర్తులు చూసి దాటేవారో అడిగి రాసుకోండి. ఆయన చెప్పినదాన్ని మీ ఫోనులోని పటంతో పోల్చి, తేడాలను ఒక పేజీలో నమోదు చేయండి.